బంతి నేర్పిన బడిపంతులు – సయ్యద్ అబ్దుల్ రహీం

కోవిల్‌పట్టి పేరు చెప్పగానే తమిళనాట ఎవరికైనా గుర్తుకు వచ్చేవి అగ్గిపెట్టెలు, వేరుశనగ మిఠాయి, హాకీ కర్ర. విరుదునగర్ అనగానే వర్తకమూ, కామరాజ్ గారి జన్మస్థలమూ తలపుకు వస్తాయి. ఈ రెండు పట్టణాల నడుమ పరచుకున్న నల్లరేగడి సీమలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఇక్కడి పిల్లలకు హాకీ ఇంటి విద్య వంటిది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మన హాకీ జట్టు పాకిస్తాన్‌ను ఒక్క గోలు తేడాతో ఓడించి స్వర్ణ పతకం తెచ్చిన సంగతి ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. అదే నగరంలో, అదే వారంలో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనలు దాకా వెళ్ళిన తొలి ఆసియా దేశం మనదే. ఈ సంగతి మాత్రం ఎవరి నోటా వినబడదు.

ఆ జట్టును తీర్చిదిద్దిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఆయన హైదరాబాదు నగరంలో బడిపంతులు. కొంతకాలం ఆటగాడు, ఆపైన సంఘ కార్యదర్శి, చివరకు భారత జట్టు శిక్షకుడు. ఒక పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఆయన చరిత్రకు చోటు కల్పించడానికి ఆయన పంతులు కావడం ఒక్కటే చాలు. అంతేగాక, ఆయన విజయాలను శ్రద్ధగా పరిశీలించినవారికి వాటి వేళ్ళు తరగతి గదిలోనే కనిపిస్తాయి.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పుడది నిజాం సంస్థానం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి బి.ఎ. పట్టం పొందారు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయానికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఆంగ్లమే ఉన్నత విద్యకు ఏకైక వాహకమని దేశమంతా నమ్ముతున్న కాలంలో, భౌతిక శాస్త్రం మొదలుకొని వైద్యశాస్త్రం వరకు సమస్తమూ ఉర్దూలో బోధించడానికి పూనుకున్న సంస్థ అది. అందుకోసం ఒక అనువాద విభాగాన్నే నెలకొల్పి పాఠ్యగ్రంథాలను తర్జుమా చేయించారు. ఆ సంస్థానంలో అత్యధికులైన తెలుగువారికి ఉర్దూ మాతృభాష కాదన్న మాట వేరు. ఆ బాధ వారు పడ్డారు, దానికోసం పోరాడారు. కాని దేశభాషలో చదివినవాడు ప్రపంచంలో తలెత్తుకోలేడన్న భయానికి రహీం జీవితం ఒక జవాబు. తమిళనాట తెలుగు మాధ్యమంలో పిల్లలను చదివించిన తలిదండ్రులకు ఆ భయం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

చదువు పూర్తి అయిన పిమ్మట రహీం కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, ఉర్దూ షరీఫ్ పాఠశాలలోను, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను ఉపాధ్యాయులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన మీదట చివరి రెండు పాఠశాలలలో క్రీడల బాధ్యత కూడ స్వీకరించారు. అనగా మనం డ్రిల్లు మాస్టారు అని పిలుచుకునే ఉద్యోగమే. ఆ పిలుపులో మన సమాజం కొంత చిన్నచూపును కలిపి పెట్టింది. పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడ్‌ను లెక్కల పాఠానికి అప్పగించే ఆచారం ఏ పాఠశాలకూ కొత్త కాదు. తరగతి పాఠమూ మైదానపు పాఠమూ రెండూ చెప్పిన రహీం మాత్రం వాటి మధ్య ఎక్కువ తక్కువలు చూడలేదు. పాఠానికి ముందు సిద్ధపడటం, కఠినమైన విషయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టటం, వెనుకబడిన విద్యార్థిని వదలిపెట్టకపోవటం – ఈ మూడు అలవాట్లనూ ఆయన మైదానంలోకి తీసుకుపోయారు.

విద్యార్థి దశలోను, ఆ తరువాతను రహీం స్వయంగా ఆటగాడు. హైదరాబాదు స్థానిక లీగ్‌లో కమర్ క్లబ్ తరఫున ఆడారు. నగరంలో మంచి పేరే ఉన్నా ఆటగాడిగా అఖిల భారత కీర్తి ఆయనకు రాలేదు. గొప్ప ఆటగాళ్ళు తరచు మంచి శిక్షకులు కాలేకపోతారు. తమకు సహజంగా వచ్చినదాన్ని ఇతరులకు ఎలా చెప్పాలో వారికి తోచదు. కష్టపడి నేర్చుకున్నవాడికి మెట్టుమెట్టూ గుర్తుంటుంది. రహీం రెండవ కోవకు చెందినవారు.

1940 దశకం తొలినాళ్ళలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, చనిపోయేవరకు ఆ పదవిలో కొనసాగారు. కార్యదర్శి పని అంటే సాధారణంగా లెక్కలు రాయటం, పోటీల పట్టికలు వేయటం. రహీం ఆ కాగితపు అధికారాన్ని శిక్షణకు సాధనంగా వాడుకున్నారు. యువకులకు వింత పోటీలు ఏర్పాటు చేశారు. ఒక పోటీలో ఆటగాళ్ళు తమకు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. మరొక పోటీలో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పరుగెత్తే విద్య నిషిద్ధం. అందిన బంతిని వెంటనే తోటివానికి అందించవలసిందే.

చూసేవారికి ఇవి వినోదంగా కనిపించి ఉండవచ్చు. వాటి వెనుక ఉన్న యోచన చాల లోతైనది. కుడి కాలు మాత్రమే వాటంగా ఉన్న ఆటగాడి ఎడమ వైపుకు బంతి వచ్చినదనుకుందాం. అతడు బంతిని ఆపాలి, ఒళ్ళు తిప్పుకోవాలి, కుడి కాలి ముందుకు తెచ్చుకోవాలి, అప్పుడు తన్నాలి. ఈ నాలుగు పనులకు పట్టే రెండు క్షణాలలో ఎదుటి రక్షకుడు మీదికి వచ్చేస్తాడు. రెండు కాళ్ళూ సమానంగా పనిచేసేవాడికి ఆ రెండు క్షణాలూ మిగులుతాయి. ఫుట్‌బాల్‌లో రెండు క్షణాలంటే ఒక గోలు. అలాగే, మన కుర్రవాళ్ళకు బంతి దొరికితే ఇద్దరినీ ముగ్గురినీ తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలన్న ఆశ. చప్పట్లు పడతాయి గాని బంతి పోతుంది. ఆ వ్యామోహాన్ని రహీం ఉపన్యాసాలతో మాన్పలేదు. పోటీ నియమంగా పెట్టి మాన్పించారు. పిల్లలతో పనిచేసిన ఉపాధ్యాయులు ఈ కిటుకు విలువను ఇట్టే పోల్చుకుంటారు.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టుకు ఆయన శిక్షకులయ్యారు. ఆ జట్టు చరిత్ర ఒక గ్రంథానికి చాలినంత. అప్పట్లో బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు గెలిచింది. అప్పట్లో ఢిల్లీలో జరుగుతుండిన డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరాలలో గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అన్న కొత్త పేరుతో మరొకసారి గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు 1956–57, 1957–58 పోటీలలో వరుసగా విజేత. అంతకు మునుపు భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అన్న అభిప్రాయం స్థిరపడి ఉండేది. దానిని కదిలించినది కానిస్టేబుళ్ళతో నిండిన ఒక జట్టూ, దానిని నడిపిన ఒక పంతులూ.

పోలీసు శాఖ ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చింది. నెల జీతం ఇంటికి చేరుతుంటే వారు నిశ్చింతగా అభ్యాసం చేశారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు ఆ విధంగా ఎదిగి దేశానికి ఆడినవారే. రహీం గొప్పతనంలో ఈ ఏర్పాటుకు గల భాగాన్ని మరువరాదు. పొట్ట నిండని కాలు పరుగెత్తదు.

జాతీయ జట్టు బాధ్యత ఆయనకు మొదటి ఆసియా క్రీడలతో వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన ఆ క్రీడలలో శైలేన్ మన్నా నాయకత్వాన భారత జట్టు ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ గోలు మేవాలాల్‌ది. దేశం సంబరపడింది. మరుసటి సంవత్సరం హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో మన జట్టు చిత్తుగా ఓడింది. మన గోలు అహ్మద్ ఖాన్ చేసినది.

పుస్తకాలలో ఈ ఓటమిని ఒక్క వాక్యంతో దాటవేయటం పరిపాటి. రహీం జీవితంలో అది 1951 స్వర్ణం కంటె విలువైన ఘట్టమని చెప్పవచ్చు. మనవారిలో చాలమంది బూట్లు లేకుండానే ఆడారు. ఎండిన గట్టి నేల మీద ఉత్త కాలికి బంతి చక్కగా పట్టు దొరుకుతుంది; కలకత్తా మైదానాలలో ఆ నేర్పుకు చప్పట్లు పడ్డాయి. చలిదేశపు తడి పచ్చిక మీద అదే కాలు జారుతుంది. తోలుబంతి నీరు పీల్చుకొని బరువెక్కుతుంది. బూటు అడుగున మేకులు గల ప్రత్యర్థి స్థిరంగా నిలబడి తిరుగుతుంటే, ఉత్త కాలివాడు నిలదొక్కుకోవటానికే తంటాలు పడతాడు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అని అఖిల భారత సమాఖ్య నిర్ణయించింది. నియమం చేయటం సులభమే. పదిహేనేళ్ళు ఉత్త కాలితో ఆడినవానికి బూటుతో బంతి స్పర్శను మళ్ళీ మొదటి నుంచి నేర్పటం సులభం కాదు. అక్షరాలు వచ్చిన పెద్దవారి చేత చేతివ్రాత మార్పించటం వంటి పని అది.

ఆ హెల్సింకిలో స్వర్ణం గెలిచినది హంగరీ. 1953 నవంబరులో అదే హంగరీ ఇంగ్లండును లండను నగరంలోని వెంబ్లీ మైదానంలో 6–3 తేడాతో ఓడించి ఫుట్‌బాల్ లోకాన్ని విస్మయపరచింది. వారి పద్ధతిలోని రహస్యం ఇది. అప్పటి ఆటలో ముందు వరుస నడిమివాడిని కాపలా కాయటానికి ఎదుటి జట్టులో ఒక నిర్దిష్టమైన రక్షకుడు ఉండేవాడు. హంగరీ తన నడిమి ఆటగాణ్ణి ముందుకు పంపక వెనుకకు లాగింది. అతని వెంట పోతే రక్షకుని చోటు ఖాళీ అవుతుంది. పోకుంటే అతడు స్వేచ్ఛగా బంతి పంచుతాడు. ఎటూ పాలుపోని స్థితి. రహీం ఈ కొత్త పద్ధతులను శ్రద్ధగా అధ్యయనం చేసి భారత జట్టుకు అలవాటు చేశారు. దూరదర్శన్ ఇంకా పుట్టని రోజులలో విదేశీ ఆటను అర్థం చేసుకోవాలంటే పుస్తకం, పత్రిక, కళ్ళారా చూసిన కొద్దిపాటి పోటీలే ఆధారం. ఆ కొద్దిపాటితోనే ఆయన పాఠ్యప్రణాళిక తయారు చేసుకున్నారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. మూడు వారాల తరువాత, నవంబరు 22న మెల్‌బోర్న్ క్రీడలు మొదలయ్యాయి. సమర్ బెనర్జీ నాయకుడుగా వెళ్ళిన భారత జట్టులో ఆ కొత్త రాష్ట్రపు రాజధాని నుంచి వచ్చినవారు పలువురు. మన మొదటి ప్రత్యర్థి హంగరీ ఫుట్‌బాల్ పోటీ నుండి తప్పుకున్నందువల్ల నేరుగా క్వార్టర్ ఫైనలు ఆడవలసి వచ్చింది. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను మనవారు 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన తొలి ఆసియా వాసిగా నిలిచాడు. నాలుగవ గోలు కృష్ణస్వామిది.

సెమీ ఫైనలులో ఎదురైనది మరల యుగోస్లావియాయే. నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు కొట్టిన జట్టు. మొదటి సగం ముగిసేసరికి ఎవరికీ గోలు లేదు. రెండవ సగం ఆరంభంలో నెవిల్ డిసౌజా గోలుతో భారత జట్టు ముందంజ వేసింది! ఆ ఆధిక్యం ఎంతోసేపు నిలువలేదు. చివరకు 4–1తో ఓడిపోయాం. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3–0తో గెలిచింది. నాలుగవ స్థానానికి పతకం లేదు గనుక ఫలకాల మీద పేరు ఎక్కలేదు. కాని 10–1కీ 4–1కీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచి చూడాలి. విద్యార్థి ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుడు చూసేది అదే.

ఈ కథలో తమిళ సీమకు చెందవలసిన పాలు కూడ ఉన్నది. ఆ జట్టులోని గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టినది హైదరాబాదులో. సైన్యంలో చేరి మద్రాసు రెజిమెంటల్ సెంటర్ తరఫున పేరు తెచ్చుకున్నాడు. ఆ జట్టు 1955లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. ముందు వరుసలో ఆడిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో, తమిళ దంపతులకు జన్మించాడు. మనవారు తెలుగు నోట పెట్టుకొని దక్షిణానికి వచ్చి స్థిరపడినట్లే, కంటోన్మెంటు ఉద్యోగాలకు తమిళులు హైదరాబాదు వెళ్ళి స్థిరపడ్డారు. పిల్లలకు రెండు భాషలూ వచ్చాయి, బంతి భాష మూడవది.

బలరామ్ కుటుంబం చాల పేదది. కుర్రవానిలోని ప్రతిభను కనిపెట్టి అభ్యాసానికి రమ్మని రహీం పిలిస్తే, అమ్ముగూడ నుండి రోజూ నగరానికి రావటానికి డబ్బు లేదని అతడు చెప్పాడు. ఆ ఇబ్బంది తీర్చటానికి రహీం సైకిలు సంగతి చూశారని బలరామ్ పెద్దవాడయ్యాక చెప్పేవాడు. ఆ సైకిలు తొక్కుతూ వచ్చిన కుర్రవాడు మెల్‌బోర్న్ వెళ్ళాడు, రోమ్ వెళ్ళాడు. 1963లో అనారోగ్యం వల్ల చిన్న వయసులోనే ఆట మానవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

ఇంచుమించు అదే కాలంలో, 1954లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన విరుదునగర్ వాసి కామరాజ్, పేద పిల్లలు బడికి రాకపోవటానికి కారణం ఆకలి అని గ్రహించి 1956లో మధ్యాహ్న భోజన పథకానికి శ్రీకారం చుట్టారు. ఇద్దరికీ పరిచయమున్నదని చెప్పటం ఇక్కడి ఉద్దేశం కాదు. బడికీ పిల్లవాడికీ మధ్య అడ్డు వచ్చేది బుద్ధిమాంద్యం కంటె తరచుగా పావలా డబ్బు అన్న సంగతి, చిన్ననాడే బడి మానుకోవలసి వచ్చిన కామరాజ్‌కు తెలుసు, బడిపంతులైన రహీంకు తెలుసు.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడలకు పి.కె. బెనర్జీ నాయకుడు. హంగరీతో 2–1 తేడాతో ఓడారు. మన గోలు బలరామ్‌ది. ఫ్రాన్సుతో 1–1గా సమంగా ముగించారు. దక్షిణ అమెరికా దేశమైన పెరూ చేతిలో 3–1తో ఓడారు. తంజావూరుకు చెందిన సైమన్ సుందరరాజ్ ఆ జట్టులో ఉన్నాడు. తరువాత శిక్షకుడై 1973లో కేరళకు మొట్టమొదటి సంతోష్ ట్రోఫీ సాధించి పెట్టాడు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఆ జట్టుకు ఎంపికయ్యాడు. తండ్రి శిక్షకుడుగా ఉండి కూడ కొడుక్కు ఒక్క పోటీలోనూ ఆడే అవకాశం రాలేదు. తమ బిడ్డలు తమ తరగతిలోనే చదివిన ఉపాధ్యాయులకు ఆ కత్తిమీద సాము సంగతి తెలుసు.

పెరూ ప్రస్తావన వచ్చినది గనుక దక్షిణ అమెరికా గురించి ఒక మాట. 1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్పును గెలిచిన బ్రెజిల్, నలుగురు రక్షకులు, ఇద్దరు నడిమివారు, నలుగురు ముందువారు గల 4–2–4 వ్యూహాన్ని లోకప్రసిద్ధం చేసింది. రహీం ఆ పద్ధతిని బ్రెజిల్‌కు మునుపే ప్రయోగించారని ఆయన అభిమానులు గట్టిగా వాదిస్తారు. ముందెవరు, వెనుకెవరు అన్న తగవు చరిత్రలో ఎడతెగనిది. దానిని పక్కన పెట్టినా, హైదరాబాదు పంతులు ప్రపంచపు ఆటతో సమానంగా ఆలోచిస్తూ ఉన్నాడన్నది నిజం. ఆ బ్రెజిల్ జట్టులో ఎడమ ప్రక్కన ఆడిన మారియో జగాలో 1958లోను 1962లోను ఆటగాడుగా, 1970లో శిక్షకుడుగా ప్రపంచ కప్పు గెలిచాడు. 2024 జనవరిలో ఆయన మరణించినప్పుడు ఆ దేశంలో మూడు రోజులు అధికారికంగా సంతాపం పాటించారు. మన దేశంలో రహీం పేరు చెబితే గుర్తుపట్టేవారు ఎందరు?

ఇక జకార్తా. 1962 నాలుగవ ఆసియా క్రీడలకు బయలుదేరేనాటికి రహీం ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను లోలోపల తినివేస్తున్నది. జకార్తాలో పరిస్థితి కూడ అననుకూలంగా ఉండినది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులను రానీయకపోవటంతో, వీటిని ఆసియా క్రీడలు అని పిలవరాదని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలోని భారతీయ సభ్యుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో ఇండొనేషియా ప్రజలకు మనవారి మీద ఆగ్రహం కలిగింది. మన రాయబార కార్యాలయం ముందు నిరసనలు జరిగాయి. మన ఆటగాళ్ళు మైదానంలో అడుగు పెడితే ఈలలూ కేకలూ.

మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓటమి. తరువాత థాయిలాండును 4–1తో, జపానును 2–0తో గెలిచి నిలదొక్కుకున్నారు. ఈలోగా రక్షణకు వెన్నెముకైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తలతో బంతిని కొట్టి తోసివేయటమే పనిగా గల రక్షకుని స్థానంలో అతణ్ణి ఆడించటం ప్రమాదకరం. అతణ్ణి వదులుకోవటమూ సాధ్యం కాదు. రహీం అతణ్ణి ముందు వరుసకు మార్చారు! కళాశాల రోజులలో అతడు ముందు వరుసలో కూడ ఆడిన సంగతి ఆయన మరచిపోలేదు. విద్యార్థి పాత వివరాలు గుర్తుంచుకోవటం పంతులు లక్షణం. సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాంను 3–2తో ఓడించి, సెప్టెంబరు 4న ఫైనలులో మరల దక్షిణ కొరియాకు ఎదురు నిలిచారు.

ఆ ముందు రాత్రి ఆటగాళ్ళను సమావేశపరచి, మీ నుండి నాకొక కానుక కావాలి, రేపు స్వర్ణం గెలవండి అన్న అర్థంలో రహీం కోరారని, ఆ జట్టులోనివారు పిమ్మట ఎన్నో సందర్భాలలో జ్ఞాపకం చేసుకున్నారు. ఆయన జబ్బు తీవ్రత ఎందరికి తెలుసునో గాని, గొంతులోని మార్పు అందరికీ తెలిసి ఉండాలి. జ్వరం నుండి కోలుకున్న తంగరాజ్ గోలు ముందు నిలిచాడు. లక్షమంది ప్రేక్షకులలో అత్యధికులు మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా పి.కె. బెనర్జీ మొదటి గోలు చేశాడు. కొన్ని నిమిషాలలోనే రెండవ గోలు – కుట్లు పడిన తలతో ముందు వరుసలో ఆడుతున్న జర్నయిల్ సింగ్‌ది. చివరిలో కొరియా ఒక గోలు తిరిగి చేసింది. 2–1. నాయకుడు చుని గోస్వామి స్వర్ణ పతకం అందుకున్నాడు. బలరామ్, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్, అరుణ్ ఘోష్ – ఆనాటి పేర్లు నేటికీ భారత ఫుట్‌బాల్‌కు శిఖరమే. ఆసియా క్రీడలలో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం మరల రాలేదు.

ఆ మరునాడు 1962 సెప్టెంబరు 5. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆ ఏడు మే నెలలో రాష్ట్రపతి పదవి స్వీకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినాన్ని దేశం మొట్టమొదటిసారిగా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకున్న రోజు. పాఠశాలలలో గురువులకు పూలదండలు వేశారు. జకార్తాలో ఉన్న ఉపాధ్యాయునికి శిష్యులు ముందురోజే కానుక చెల్లించారు.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న రహీం హైదరాబాదులో పరమపదించారు. వయస్సు 53 సంవత్సరాలు.

ఆయన నాటిన మొక్కలు కొంతకాలం ఫలించాయి. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన దేశానికి కాంస్యం దక్కింది. తరువాత క్రమక్రమంగా దీపం కొండెక్కింది. 1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలకు అర్హత సాధించనే లేదు. కారణాలు పలువురు పలువిధాలుగా చెబుతారు. మంచి ఆటగాళ్ళందరూ కలకత్తా క్లబ్బులకు తరలిపోయారన్నది ఒకటి. బలరామ్, తంగరాజ్, నయీముద్దీన్ అందరూ అటు వెళ్ళినవారే. ఇతర ఆసియా దేశాలు శాస్త్రీయ శిక్షణలో మనలను దాటిపోయాయన్నది మరొకటి. ఈ రెంటికంటె ముఖ్యమైన కారణం ఒకటి కనిపిస్తుంది. కార్యదర్శిగా పిల్లల పోటీలు నడిపినవాడూ, వారిలోనుండి పోలీసు జట్టుకు ఎంపిక చేసినవాడూ, అక్కడి నుండి భారత జట్టుకు చేర్చినవాడూ ఒక్కడే. ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు ఒకే ఉపాధ్యాయుడు నడిపిన పాఠశాల అది. పంతులు పోయిన మరునాడు పాఠశాల ఉన్నది, విద్యార్థులున్నారు, పాఠం మాత్రం ఆగిపోయింది. ఆయన పద్ధతులను క్రమంగా రాసిపెట్టి మరొక పదిమందికి శిక్షణ ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వమూ చేయలేదు, సమాఖ్యా చేయలేదు. వీధి పోటీలలో ఎడమ కాలితో తన్నే పిల్లలకు నియమం పెట్టేవారు కరవయ్యారు.

ప్రతిభావంతులైన శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ఆరంభమైంది; అప్పటికి రహీం గతించి 22 సంవత్సరాలు. 1990లో నయీముద్దీన్ ఆ పురస్కారం అందుకున్నారు. కుమారుడు హకీం భారత వైమానిక దళంలో అధికారిగా, అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడుగా పనిచేసి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందారు. 2021 ఆగస్టులో మరణించారు. తండ్రి జీవితం ఆధారంగా నిర్మించిన మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలైనది. అందులో రహీం పాత్రను అజయ్ దేవగణ్ ధరించారు. చిత్రం చూసిన తరువాతనే చాలమందికి ఆయన పేరు తెలిసింది. జకార్తా స్వర్ణానికి అప్పటికి 61 సంవత్సరాలు నిండాయి.